నీలగిరి ముద్ద

సన్యాసిరావుకి పెళ్ళాం మీద అనుమానం పెరుగన్నం దగ్గర మొదలైంది.

ఇందుమతి కూర లేకపోయినా తింటుంది, పప్పు మాడినా తింటుంది గానీ, పెరుగన్నం తినకుండా కంచం ముందునుంచి లేచిన రోజు పెళ్ళయ్యాక ఒక్కటీ లేదు. అలాంటి మనిషి ఒక పూట రెండు ముద్దలు కెలికి, ఆకలి లేదని లేచిపోయింది. మర్నాడూ అంతే. ఆ తర్వాత అసలు పెరుగు గిన్నె వైపే చూడలేదు. ఆ ఇంట్లో వంట చేసేది సన్యాసిరావే. తినేవాళ్ళకి ఆకలి లేదో, వంట మీద మనసు లేదో, వండినవాడి మీదే మనసు లేదో వండినవాడికి తెలియకుండా ఉండదు. ఇది మూడో రకమని తేల్చుకోవడానికి అతనికి ఎంతో సేపు పట్టలేదు.

పేరు చూసి ఇతనెవరో అన్నీ వదిలేసిన మనిషి అనుకునేరు. తాతగారి పేరు పెట్టారు గనక సన్యాసిరావు అయ్యాడు గానీ, సంసారాన్ని ఇతనంత గట్టిగా పట్టుకున్నవాడు లంబసింగి కొండ మీద ఇంకొకడు లేడు. ఊళ్ళో బడిలో లెక్కలు చెబుతాడు. పొద్దున్నే మంచులో లేచి, వంట చేసి, భార్యకి కారియరు కట్టి, కూతురు మంజీరకి నీళ్ళు పోసి, పక్కింటి ముసలమ్మ దగ్గర దాన్ని వదిలి బడికి వెళ్తాడు. మధ్యాహ్నం పరిగెత్తుకుంటూ వచ్చి పిల్లకి అన్నం పెట్టి వెళ్తాడు. భార్య ఉద్యోగం చేస్తే నువ్వు గరిటె తిప్పుతున్నావట కదా అని తోటి మేష్టర్లు వేళాకోళమాడితే, తిప్పుతాను, మీ ఇళ్ళలోకన్నా బాగా తిప్పుతాను అని జవాబు చెప్పేవాడు.

అలాంటివాడికి అనుమానం పట్టుకుంది. అది ఒకసారి గుమ్మం దాటి లోపలికొస్తే ఇక కనపడినవన్నీ దానికి సాక్ష్యాలే. ప్రసవం సెలవు అయిపోయి ఉద్యోగంలో మళ్ళీ చేరిన కొన్నాళ్ళకి ఇందుమతి పిల్లకి ఉన్నట్టుండి పాలు మాన్పించేసింది. కారణం అడిగితే, పళ్ళొస్తున్నాయిగా అంది. పాప చేతులు చాపితే ఎత్తుకునేది గానీ ముద్దు పెట్టుకునేది కాదు, మొహం పక్కకి తిప్పుకునేది. తనకని వేరే కంచం, వేరే గ్లాసు పెట్టుకుంది. వాటిని ఎవర్నీ కడగనివ్వదు, సలసలా మరిగే నీళ్ళు పోసి తనే కడుక్కుంటుంది. కంచంలో వదిలేసిన అన్నం మాత్రం అతన్నే పొయ్యిలో వేసేయమంది. ఇంటికి రాగానే మంచమెక్కితే తెల్లారేదాకా లేవదు. దగ్గరికి వెళ్తే జలుబు మందు సీసా మూత తీసినట్టు వాసన.

వేరే కంచం దగ్గర అతని మనసు బాగా నొచ్చుకుంది. పెళ్ళిలో బువ్వం బంతి నాడు ఇద్దరూ ఒకే పళ్ళెంలో తిన్నారు. చుట్టాలంతా నవ్వుతుంటే ఇందుమతి మైసూరుపాకు సగం కొరికి మిగతాది అతని నోట్లో పెట్టింది. ఆ మనిషికి ఇవాళ మొగుడి చెయ్యి తగిలిన కంచం పనికిరాకుండా పోయింది. అలిగిన మొగుడు ఎవడైనా అన్నం మానేస్తాడు. సన్యాసిరావు అలిగి పెళ్ళాం ఎంగిలి తిన్నాడు. ఆవిడ లేచి వెళ్ళగానే ఆ కంచం ముందు కూర్చుని, ఆవిడ కెలికి వదిలేసిన అన్నమంతా మెతుకు మిగలకుండా తినేవాడు. తర్వాత ఖాళీ కంచాన్ని ఏమీ ఎరగనట్టు పెరట్లో పెట్టేవాడు. అన్నం పొయ్యిలో వేయడానికి చేతులు రాకపోవడం ఒకటైతే, నువ్వు వేరు చేస్తే మాత్రం నేను వేరవుతానా అన్న పంతం రెండోది. ఆ మాట పైకి అనలేదు. ఆవిడా ఏమీ చెప్పలేదు. ఇల్లంతా నిశ్శబ్దంగా, మర్యాదగా ఉండేది.

పూర్వం ఇలా కాదు. కొండ మీద తను పనిచేసే జంతు పరిశోధన కేంద్రానికి, నీలగిరి చెట్ల మీదే బతికే కోలాలు కొత్తగా వచ్చిన రోజుల్లో ఇందుమతి నోరు మూతపడేది కాదు. అవి ఆస్ట్రేలియాలో చలి ఎక్కువగా ఉండే దక్షిణపు అడవుల్లోవి. అక్కడ అడవులు వరసగా తగలబడిపోతుంటే, మిగిలిన వాటిలో కొన్నిటికి ఇంకోచోట కాపురం పెట్టిద్దామని తెచ్చారు. ఎండ ప్రాంతపు కోలాలకి పల్చటి బూడిద రంగు బొచ్చు ఉంటుందట. వీటికి దట్టమైన గోధుమరంగు బొచ్చు, కొంచెం పెద్ద ఒళ్ళు. చలికి తగ్గ కంబళి పుట్టుకతోనే కప్పుకొచ్చాయి గనక లంబసింగి మంచు వాటికి సరిపోతుందన్నారు. కొండ మీద ఎప్పుడో కాగితం గుజ్జు కోసం వేసిన నీలగిరి చెట్లు ఉండనే ఉన్నాయి. చూడ్డానికి ఊరంతా కదిలింది. నర్సీపట్నం నుంచి సన్యాసిరావు తల్లి పైడమ్మ కూడా వచ్చి చూసింది. కొమ్మ పంగలో కూలబడి మిట్టమధ్యాహ్నం నిద్రపోతున్న జంతువుని చూసి, "పానముందా లేదా దీనికి?" అని అడిగింది.

ప్రాణం ఉంది గానీ నిలిచేలా లేదని తర్వాత తేలింది. నీలగిరి అంటే ఒక చెట్టు కాదు, వందల రకాలు. ప్రతి రకం ఆకులోనూ విషం ఉంటుంది, ఒక్కో రకంలో ఒక్కోలా. కోలా తన ప్రాంతంలో దొరికే నాలుగైదు రకాలకే పొట్టని తయారుచేసుకుంటుంది. ఆ ఆకుల్లో కూడా బలం తక్కువ గనక రోజులో ముప్పాతిక భాగం నిద్రపోయి ఒంట్లో ఉన్నదాన్ని పొదుపు చేసుకుంటుంది. పెద్ద ముక్కు పెట్టి ప్రతి ఆకునీ వాసన చూసి గానీ నోట పెట్టదు. మన కొండ మీది రకం వాటి పొట్టలకి కొత్త. కొన్ని తినలేదు. తిన్నవాటికి అరగలేదు. కడుపు నిండా ఆకు పెట్టుకుని ఆకలితో చచ్చిపోయాయి.

సన్యాసిరావు పప్పు ఎనుపుతుంటే ఇందుమతి గట్టు మీద కూర్చుని ఇవన్నీ చెప్పేది. కోలా పిల్లకి ఆకు అరిగించుకునే శక్తి పుట్టుకతో రాదు. పాలు మానే ముందు తల్లి తన పేగుల్లోంచి ఒక మెత్తటి ముద్ద తినిపిస్తుంది. చెప్పుకోవడానికి మొహమాటమే గానీ, ఆకుని అరిగించే సూక్ష్మజీవులన్నీ దాంతోనే పిల్ల పొట్టలోకి వెళ్తాయి. మన అన్నప్రాశన లాంటిదే అనుకోండి అని నవ్వేది. ఆ సూక్ష్మజీవుల్ని మార్చి మన కొండ ఆకుకి సరిపడేలా తయారుచేసింది ఇందుమతే. ప్రయోగశాలలో అందరూ దాన్ని తోడు అనేవారు, పాలలో వేసే తోడులాగే చుక్క వేస్తే చాలు గనక. కానీ సీసాలో పెడితే అది ఒక్క పూటకే చచ్చిపోతోంది. పెద్ద కోలాలకి పడితే వాంతి చేసుకుంటున్నాయి. దానికి ఒంటి వేడి కావాలి, బతికున్న పొట్ట కావాలి అంటూ తల పట్టుకునేది.

అక్కడితో కబుర్లు ఆగిపోయాయి. కోలా పిల్లలు బతుకుతున్నాయని ఊళ్ళో వాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాడు గానీ ఆవిడ నోట వినలేదు. ఎలా బతుకుతున్నాయని ఒకసారి అడిగితే, డాక్టర్ పరాంకుశంగారు ఎవరికీ చెప్పద్దన్నారు అంది. పరాంకుశం ఆ కేంద్రానికి అధిపతి. యాభై దాటినా పెళ్ళి చేసుకోలేదు, చక్కగా ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు, జీపు తనే నడుపుతాడు. అనుమానానికి ఇంతకన్నా ఏం కావాలి? ఓ సాయంత్రం ఆ జీపులోంచి దిగుతున్నప్పుడు ఇందుమతి నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని ఉంది. దేన్ని దాచిందో సన్యాసిరావు అడగలేదు. అడిగితే అబద్ధం వినాల్సి వస్తుందని భయం.

ఆ దిగుల్లో అతనికీ తిండి, పెరుగన్నంతో సహా, సయించడం మానేసింది. బడిలో భాగహారాలు ఇచ్చి కుర్చీలో కూర్చున్నవాడు గంట కొట్టేదాకా నిద్రపోతే పిల్లలు చప్పుడు చేయకుండా బయటికి పోయారు. మనసు బాగాలేకపోతే ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాడు. అతనికి తన గురించి ఆలోచించే తీరిక కూడా లేదు, ఎందుకంటే అప్పటికి పాపకి తేడా చేసింది.

అన్నప్రాశన నాడు వెండిగిన్నెలో పాయసమంతా నాకేసిన పిల్ల, అన్నం ముద్ద చూస్తే నోరు బిగించేస్తోంది. బలవంతంగా పెట్టినది పెట్టినట్టే బయటికి పోతోంది. ఒళ్ళు చిక్కిపోయింది. ఇదివరకు ఇల్లంతా పాకి గిన్నెలన్నీ దొర్లించే పిల్ల పగలంతా నిద్రపోతోంది. లేచినప్పుడు గోడకి తగిలించిన వాళ్ళమ్మ సంచీ దగ్గరికి పాక్కుంటూ పోయి దాన్ని వాసన చూస్తోంది. చింతపల్లి డాక్టరు పొట్ట నొక్కి చూసి, అరుగుదల తక్కువగా ఉందని చుక్కల మందు రాశాడు. దాంతో ఏమీ కాలేదు.

పైడమ్మ మనవరాల్ని చూసుకుందామని సంచీతో దిగింది. పిల్లని ఒళ్ళోకి తీసుకుని, మెడ దగ్గర వాసన చూసి మొహం చిట్లించింది.

"ఒరే సన్నాసీ, గుంట ఒంటికి ఏటి రాసినావురా? జలుబు మందు వాసనొస్తంది."

"నేనేం రాయలేదమ్మా."

"మరి నువ్వేటి రాసుకున్నావు? నీ కాడా అదే వాసన."

పిల్లని ఎత్తుకుంటున్నాను గనక అంటిందేమో అన్నాడు. కానీ ఆ మాటతో అతని తలలో ఒక తలుపు తెరుచుకుంది. పిల్ల ఒంటికి ఇందుమతి వాసన. ఇందుమతి నిద్రే పిల్లకి పట్టింది. ఇందుమతిలాగే పిల్లకీ అన్నం పడటం లేదు. అయితే పరాంకుశం సంగతి కాదు. ఇన్నాళ్ళూ తను అనుమానించిందే తప్పు. అంతకన్నా ఘోరం. కోలా పిల్లల మీద చేసేదేదో ఈవిడ సొంత కూతురి మీద చేస్తోంది.

ఆ రోజునుంచి సన్యాసిరావు పిల్లకి కాపలా కాశాడు. పాప పక్క తన గదిలోకి మార్చేశాడు. ఇందుమతి ఎత్తుకోబోతే, నిద్రపోతోంది, లేపకు అనేవాడు. ఆవిడ గుమ్మంలో కాసేపు నిలబడి, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయేది. దొంగ ఏడుపు అనుకున్నాడు అతను. ఆ మాట తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చిందో అతనికే తెలియాలి. పిల్లకి పెట్టే ప్రతి ముద్దా తన చేత్తోనే పెట్టాడు. అన్నంలో పప్పు, నెయ్యి కలిపి, తన నోట్లో వేసుకుని మెత్తగా నమిలి, అప్పుడు పాప నోట్లో పెట్టేవాడు. పైడమ్మ అతన్ని అలాగే పెంచింది. నాలుగు పళ్ళ పిల్లకి అంతకన్నా మెత్తగా ఎవరు చేసి పెడతారు? క్రిములు అంటుకుంటాయి, చెంచాతో మెదిపి పెట్టండని ఇందుమతి బాలింతగా ఉన్నప్పుడే చెప్పింది. సరేనన్నాడు గానీ, ఆవిడ గుమ్మం దాటగానే చెంచా మూలపడేది. ఇప్పుడైతే మరీ జాగ్రత్తగా, తను రుచి చూడనిదేదీ పిల్లకి పెట్టడం లేదు. అయినా పాప రోజురోజుకీ ఎండిపోతోంది.

ఓ మధ్యాహ్నం పాప చెయ్యి పట్టుకు చూస్తే జామకొమ్మంత సన్నగా కనిపించింది. ఇక ఆగలేక, బడికి సెలవు పెట్టి పిల్లని భుజాన వేసుకుని కొండెక్కాడు. గేటు దగ్గరివాళ్ళు తెలిసినవాళ్ళే గనక ఆపలేదు. కంచెల వెనక నీలగిరి చెట్లు తెల్లటి బోదెలతో నిటారుగా ఉన్నాయి. ఎండ కొంచెం ఎక్కువగా ఉండటంతో కోలాలన్నీ కొమ్మలు వదిలేసి బోదెల్ని కౌగిలించుకుని ఉన్నాయి. బోదె చల్లగా ఉంటుంది గనక ఎండలో అలా చేస్తాయని ఇందుమతి ఎప్పుడో చెప్పింది. గోధుమరంగు బొచ్చు ఎండకి కొబ్బరిపీచులా మెరుస్తోంది. భుజం మీద పాప ఒక్కసారిగా లేచింది. చాలా రోజుల తర్వాత దాని కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి. ముక్కు ఎగరేస్తూ గాలి పీల్చింది.

ఇందుమతి కోలా పిల్లల గదిలో ఉంది. వల బిగించిన కిటికీలోంచి సన్యాసిరావుకి అంతా కనిపించింది. ఆవిడ పీట మీద కూర్చుని ఉంది. ఒళ్ళో గుప్పెడంత కోలా పిల్ల. పక్కన లేత ఆకుల కట్ట. ఒక్కో ఆకునీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తోంది. కొన్ని పక్కన పడేసి, కొన్ని నోట్లో వేసుకుని నములుతోంది. మనుషులకి విషమని బోర్డు పెట్టిన ఆకుని తమలపాకులా నములుతోంది. కాసేపటికి ఆ పచ్చటి ముద్దని వేలి మీదికి తీసుకుని పిల్ల నోట్లో పెట్టింది. అది రెండు చేతులతో ఆవిడ వేలు పట్టుకుని నాకింది.

సన్యాసిరావు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.

"పాపకి ఎప్పట్నుంచి పెడుతున్నావు ఇది?"

ఇందుమతి తుళ్ళిపడింది. అతన్ని చూసి కాదు, అతని చేతుల్లో పిల్లని చూసి. దగ్గరికి రాకుండా గోడ దాకా వెనక్కి జరిగింది. పాపని ఇక్కడికెందుకు తెచ్చారు, బయటికి తీసుకెళ్ళండి అంది. అతను కదల్లేదు. అప్పుడు ఆవిడ నిలబడ్డచోటే నిలబడి మొత్తం చెప్పింది. తోడుకి బతికున్న పొట్ట కావాల్సి వచ్చింది. కోలా పిల్లలు కళ్ళముందే చచ్చిపోతున్నాయి. మరీ చిన్న పిల్ల చనిపోయిన రోజు ఇందుమతి ఎవర్నీ అడక్కుండా సీసా ఎత్తి తాగేసింది. అది ఆవిడ పొట్టలో కుదురుకుంది, నాలుక మొదట్లోనూ గూడు కట్టుకుంది. ఆకు తింటేనే బతుకుతుంది గనక ఆకు తినడం మొదలుపెట్టింది. విషాన్ని అది విరిచేస్తుంది. పెరుగు పడితే చచ్చిపోతుంది గనక పెరుగు మానేసింది. ఆవిడ నమిలి పెట్టిన ముద్దతో కోలా పిల్లలు నిలబడ్డాయి. మీకు చెబితే ఒప్పుకోరని చెప్పలేదు అంది.

"పాపకి అంటకూడదనే పాలు మాన్పించాను. ముద్దు కూడా పెట్టుకోలేదు. నా కంచం నేనే మరగబెట్టి కడుక్కున్నాను. నేనెందుకు పెడతానండీ పాపకి?"

"మరి పాప అన్నం ఎందుకు తినడం లేదు? ఈ వాసనేమిటి?"

ఆ ప్రశ్నతో ఇందుమతి మొహం పాలిపోయింది. ముందుకొచ్చి పాప నోరు తెరిచి చూసింది, నాలుక వాసన చూసింది. తర్వాత మెల్లిగా తలెత్తి భర్త మొహం దగ్గరికి వంగి అతని ఊపిరి వాసన చూసింది. ఆకుని చూసినట్టే.

"నేను వదిలేసిన అన్నం ఏం చేస్తున్నారు మీరు?"

సన్యాసిరావు పాపని ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"పొయ్యిలో వేయమన్నాను కదా."

"అన్నం ఎలా పారేస్తాను?" అన్నాడు అతను.

"పాపకి అన్నం ఎలా పెడుతున్నారు? చెంచాతోనేనా?"

అతనికి అప్పుడు తెలిసింది. ఇందుమతి కోలా పిల్లకి పెట్టిన ముద్దా, తను పాపకి పెట్టిన ముద్దా ఒకటే. పెళ్ళాం దగ్గర్నుంచి కాపాడుతున్నానని గది మార్చి, తలుపేసి, ఆవిడ ఎంగిలితో తనకి పట్టిన తోడుని తన నోటితో తనే పాపకి అంటించాడు. ఒకసారి కాదు, ప్రతి పూటా. అనుమానం పెనుభూతం అని బడిలో ఎంతమంది పిల్లల చేత దస్తూరీ రాయించాడో. నేల మీద చతికిలబడ్డాడు. పాప మాత్రం అతని ఒళ్ళోంచి జారి, ఆకుల కట్ట దగ్గరికి పాకి, ఒక చిగురు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

తర్వాత జరిగినదంతా పరీక్షలు. పెద్దవాళ్ళ పొట్టలో తోడు చుట్టంలాంటిది, ఆకు మానేసి పెరుగు తింటే కొన్ని వారాల్లో దాని దారి అది చూసుకుంటుంది. పాలు మానే వయసు పిల్లల్లో అలా కాదు. అక్కడ జాగా ఖాళీగా ఉంటుంది, ముందొచ్చినదే ఇంటి యజమాని అయిపోతుంది. కోలా పిల్లల్లో అదే కావాలని ఇందుమతి దేవుళ్ళకి మొక్కుకుంది. విశాఖపట్నంలో పెద్దాసుపత్రిలో చేర్చి మందులతో దాన్ని చంపాలని చూశారు. అది తగ్గినప్పుడల్లా పాప నీరసించి కళ్ళు తేలేసింది. అన్నం అరిగించే శక్తి తిరిగి రాలేదు. ఆఖరికి డాక్టర్లే, ముందు పిల్లని బతికించుకోండి అన్నారు. కొండ మీదికి తెచ్చి చిగుళ్ళు నూరి పెట్టాక వారంలో పాప లేచి కూర్చుంది.

మంజీర ఇక అన్నం తినదు. ఆ ఒక్క మాటా పైడమ్మకి ఎలా చెప్పాలో సన్యాసిరావుకి తెలియలేదు. చెప్పాక ఆవిడ మనవరాల్ని ఒళ్ళోకి లాక్కుంది. "నానే కదరా నీకు నేర్పింది," అంది, కొంగు నోట్లో కుక్కుకుని.

మొగుడూ పెళ్ళాం ఒకర్నొకరు తిట్టుకోవడానికి కావలసినంత ఉంది. నువ్వు చెప్పలేదు అంటే నువ్వు అడగలేదు అనుకున్నారు. కొన్నాళ్ళు అదే మాట అటూ ఇటూ తిరిగి, అరిగిపోయి ఆగిపోయింది. పరాంకుశం ఇంటికి వచ్చి చాలా సానుభూతి చూపించాడు. పాపని కేంద్రంలోనే ఒక మంచి గదిలో పెడితే దగ్గరుండి చూసుకోవచ్చని, ఆకు తిని బతికే మొదటి మనిషి గనక లోకమంతా చూస్తుందని, కరువు ప్రాంతాలకి ఇది వరమని చెప్పాడు. చెబుతున్నంతసేపూ అతని కళ్ళు పాప పొట్ట మీదే ఉన్నాయి. సన్యాసిరావు అంత అనుమానించినప్పుడు ఈ మనిషి ఏ తప్పూ చేయలేదు. నమ్మాలని చూసిన ఇవాళ మాత్రం ఆ చూపు నచ్చలేదు. కాఫీ ఇచ్చి, గదీ వద్దు లోకమూ వద్దని చెప్పి పంపేశాడు. ఇందుమతి ఉద్యోగం మానలేదు గానీ నమలడం మానేసింది. ఎదిగిన కోలాలే ఇప్పుడు తమ పిల్లలకి ఆ ముద్ద పెట్టుకుంటున్నాయి. కొండ వాటికి అలవాటైంది, కొండని వదిలి ఇంక ఎక్కడా బతకలేనంతగా.

చలికాలం వచ్చేసరికి ఇందుమతి పెరుగన్నం తింటోంది. సన్యాసిరావు కూడా పెరుగే మందుగా మింగుతున్నాడు. ఇద్దరి ఒంట్లోనూ తోడు పూర్తిగా పోయిందని ఆ వారమే పరీక్షలో తేలింది. ఇద్దరి కంచాలూ మళ్ళీ ఒకే పీట మీదికి వచ్చాయి. పాప మాత్రం పక్కన తన చిగుళ్ళ గిన్నెతో కూర్చునేది. వాళ్ళ ముద్దలు నోట్లోకి పోవడం చూసి తనూ ఓ మెతుకు నోట పెట్టుకుని, ఉమ్మేసి, బిక్కమొహం వేసేది. అమ్మానాన్నా తినేది తనకెందుకు పడదో దానికి ఎవరు చెప్పగలరు? ఆ మొహం చూస్తూ సన్యాసిరావుకి ముద్ద దిగేది కాదు.

ఓ ఆదివారం ఎండ పొడవగానే ముగ్గురూ పైకి వెళ్ళారు. మంజీరకి నడక వచ్చింది. ఊలు టోపీ పెట్టుకుని, తప్పటడుగులతో చెట్టు చెట్టుకీ తిరిగి, ఒక బోదెకి చెంప ఆనించి కాసేపు కౌగిలించుకుంది. తర్వాత కింద వంగిన కొమ్మల దగ్గర పని మొదలుపెట్టింది. ఒక ఆకు తుంచి ముక్కు దగ్గర పెట్టుకుని పారేసింది. ఇంకోటీ పారేసింది. ఏ చెట్టులో ఏ రోజు విషం ఎక్కువో అది చెప్పినంత కచ్చితంగా కేంద్రంలో ఏ యంత్రమూ చెప్పలేదు. చివరికి ఒక చిగురు నచ్చింది. సగం కొరికి నమిలింది. మిగతా సగం పట్టుకుని తండ్రి దగ్గరికి వచ్చి, ఉమ్మితో తడిసిన ఆ ముక్కని అతని పెదాలకి ఆనించింది.

ఇందుమతి పెరుగన్నం డబ్బా మూత తీస్తున్నదల్లా ఆగిపోయింది.

"వద్దండీ. మీలో తోడు లేదిప్పుడు, ఆకు పడదు. దాని ఎంగిలితో మళ్ళీ పట్టుకుందంటే మొదటికొస్తుంది."

కూరలో ఉప్పుని కూడా రెండుసార్లు రుచి చూసి గానీ నమ్మని మనిషి సన్యాసిరావు. అతను ఆకుని చూడలేదు, వాసనా చూడలేదు. నోరు తెరిచాడు. చేదు నాలుకంతా పాకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా మెత్తగా నమిలి మింగాడు.

మంజీర అతని గడ్డం పట్టుకుంది. మింగాడో, బుగ్గన దాచుకున్నాడో అని అనుమానంగా మొహంలోకి చూసింది. సన్యాసిరావు నోరు బాగా తెరిచి, నాలుక పైకెత్తి, ఏమీ లేదని చూపించాడు.

అప్పుడు అది వాళ్ళమ్మ వైపు ఒకసారి చూసి, ఇంకో ఆకు వెతకడానికి చెట్టు దగ్గరికి వెళ్ళింది.